అందించిన మాట

ఇంగ్లండులోని హల్ రేవు మీద పొగమంచు దిగిందంటే ఊరికి పగలూ రాత్రీ తేడా తెలియదు. ఆంబ్రోస్ పెల్‌కి మంచు లేకపోయినా తెలియడం లేదు. అతను కొరోనెట్ నాటకశాల స్టేజీ కింద, క్రిస్మస్ నాటకానికి అట్టతో చేసిన డ్రాగన్ పొట్టలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఊరంతా అతన్ని హంతకుడంటోంది. దొరికితే ఉరి తీస్తారు. ఆ సంగతి తలపుకొచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే కాలరు దగ్గరికి పోతోంది.

ఆ కంపెనీకి అతను ప్రాంప్టరు. వారానికో కొత్త నాటకం ఆడే కంపెనీ అది. ఈ వారం పోర్షన్ నోటికి పట్టేలోపే వచ్చేవారం పోర్షన్ చేతిలో పెడతారు. అలాంటి చోట నటుడికి దేవుడి తర్వాత దిక్కు ప్రాంప్టరే. స్టేజీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, పుస్తకంలోంచి కళ్లు తిప్పకుండా, తడబడినవాళ్లకి మాట అందించాలి. అందులో అసలు విద్య అందించడం కాదు, అందించకుండా ఉండటం. నటుడు ఆగితే కావాలని ఆగాడో, మరిచిపోయి ఆగాడో ఊపిరిని బట్టి పసిగట్టాలి. కావాలని ఆగిన చోట నోరు జారితే సీనంతా నాశనం. తెర పడ్డాక ఆ నటుడు వచ్చి పీక పిసికినా అడిగేవాడు ఉండడు.

లియోనోరా బ్రేస్‌కి మాత్రం అతను ఒక్కసారి కూడా మాట అందించాల్సి రాలేదు. ఆమె ఎన్నో ఏళ్లుగా కంపెనీలో కథానాయిక. ఆమె ఆగిందంటే జనం ఊపిరి బిగబట్టాలనే ఆగింది. ఆ నిశ్శబ్దాల కోసమే ఆంబ్రోస్ ఈ చాలీచాలని ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడాడని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టనివాళ్లు ఒక్కోసారి నిజమే చెబుతారు.

డ్రాగన్ నోట్లోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. గుడ్డలో చుట్టిన రొట్టె, సీసాలో చల్లారిన టీ. ఆ చెయ్యి నెల్ క్రాబ్‌ట్రీది. కంపెనీ బట్టలన్నీ చూసుకునే ముసలామె. అతనిక్కడ ఉన్నాడని తెలిసిన ఒకే ఒక్క మనిషి.

"తిను నాయనా. పంది కొవ్వు దట్టంగా రాశాను. ఇలా చిక్కిపోతే రేపు ఉరితాడు జారిపోతుంది."

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా, నెల్."

"మంచి మాటలన్నీ నీ పుస్తకంలో ఉంటాయి. నా దగ్గర సూదీ దారమే ఉన్నాయి. సరే, చెవి ఇటు పడెయ్యి. ఇవాళ మ్యాటినీతో మళ్లీ తెర ఎత్తుతున్నారు. గుమ్మానికో పోలీసు ఉన్నాడు. ఆ ఇన్‌స్పెక్టర్ స్కెల్టన్ అయితే లోపలే తిష్ట వేశాడు. కానీ ఈ బొగ్గు దించే కంత సంగతి వాళ్లకి తెలీదు."

చేత్తో చీకట్లోకి చూపించింది. గోడకి ఆనించి బొగ్గు గుట్ట, దాని మీద ఒక పాత నిచ్చెన, పైన వెనక సందులోకి తెరుచుకునే ఇనప మూత.

"మూత తుప్పు పట్టింది. కదిపితే తోక తొక్కిన కుక్కలా అరుస్తుంది. అందుకే మూడో అంకంలో రేకు ఊపి ఉరుము మోగించేదాకా ఆగు. ఆ రేకు ఉరుము మోగితే ఫిరంగి పేల్చినా వినపడదు. బయటపడి నేరుగా రేవుకి పో. మా మరిది కలప ఓడలో వంటవాడు. సాయంత్రం పోటుకి ఆ ఓడ స్వీడన్ పోతోంది. బంగాళాదుంపల బస్తాల వెనక నీకు చోటు చూసి ఉంచాడు."

"స్వీడన్‌లో నేనేం చెయ్యను? నాకు ఆ భాష రాదు."

"బతుకుతావు. దానికి భాష అక్కర్లేదు."

ఆంబ్రోస్ రొట్టె ముక్క తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. "నేను చంపలేదు నెల్," అన్నాడు.

"నాకు తెలీదా ఏంటి. నువ్వు చంపాలంటే ముందు ఎవరో ఒకరు నీకు రాసివ్వాలి." నెల్ నవ్వలేదు. "ఆ వాస్పర్ చచ్చినందుకు ఏడ్చినవాడు కంపెనీలో ఒక్కడు లేడులే. నిన్ను అందరి ముందూ ప్రాంప్టరు దండగన్నాడు, ఈ వారంతో నీ పని సరి అన్నాడు. లియోనోరాకి వచ్చే సీజన్ నుంచి అత్తగారి వేషాలేనట. లీడ్స్ నుంచి కొత్త పిల్ల వస్తుందట. లియోనోరా గౌన్లన్నీ ఆ పిల్లకి సరిపోయేలా నడుము దగ్గర బిగించమని నాతో చెప్పాడు. ఆవిడ ముందే చెప్పాడు, ఆవిడ వేసుకుని ఉన్న గౌను కొలత చూపించి మరీ."

పైన ఎవరో నడిచారు. నెల్ మాట మధ్యలోనే ఆపేసి, చెయ్యి వెనక్కి లాక్కుని వెళ్లిపోయింది.

హ్యూబర్ట్ వాస్పర్ కంపెనీకి యజమాని, కథానాయకుడు కూడా. రోజూ రెండో అంకం అయ్యాక వేడి నీళ్లూ నిమ్మరసం కలిపిన విస్కీ గ్లాసు అతని చేతిలో పడాలి. ఆ గ్లాసు ఆంబ్రోసే సిద్ధం చేసి, పీట పక్కన చిన్న చెక్క మీద పెట్టుకుని, అంకం పూర్తవగానే తీసుకెళ్లి ఇచ్చేవాడు. సోమవారం కూడా అలాగే ఇచ్చాడు. వాస్పర్ అది తాగి కుర్చీలో కునుకు తీశాడు. మూడో అంకానికి లేపితే లేవలేదు. గ్లాసు అడుగున గుర్రాన్ని పడుకోబెట్టేంత నిద్రమందు ఉందని డాక్టరు తేల్చాడు.

ఇన్‌స్పెక్టర్ స్కెల్టన్ మంచివాడే. మంచివాడు గనకే మరీ ప్రమాదం. కోపంగా అరిచేవాడైతే ఆంబ్రోస్ తట్టుకునేవాడు.

"గ్లాసు నీ మోచేతికి ఆనుకునే ఉంది కదా," అన్నాడాయన నెమ్మదిగా. "కలిపినవాడు నిన్ను రాసుకుంటూ నిలబడి ఉండాలి. ఎవరొచ్చారు?"

"చూడలేదండి. స్టేజీ మీద మనుషులున్నారు. నేను పుస్తకంలో ఉన్నాను."

"ఒక్కసారి కూడా తల ఎత్తలేదూ?"

"అంకం నడుస్తుంటే ఎత్తకూడదండి."

"పక్కన ఏనుగొచ్చి నిలబడినా?"

"ఏనుగుకి పోర్షన్ ఉంటే చూస్తానండి."

ఆంబ్రోస్ వేళాకోళం చెయ్యలేదు, ఉన్నమాట చెప్పాడు. నాటకాలవాళ్లంతా అది నిజమేనని తల ఊపారు. స్కెల్టన్‌కి మాత్రం అది ఎగతాళిలా తోచింది. అంతకుముందే కొలువు పోయిన మనిషి, గ్లాసు కలిపిన మనిషి, తీసుకెళ్లి ఇచ్చిన మనిషి, పక్కన ఎవరొచ్చారో చూడలేదంటున్న మనిషి. ఏ పోలీసు మాత్రం ఇంకేం అనుకుంటాడు? ఆంబ్రోస్ చీమకి కూడా హాని చెయ్యడని లియోనోరా ఒక్కతే గట్టిగా చెప్పింది. దాని వల్ల ఏమీ ఒరగలేదు. మర్నాడు అరెస్టు కాగితం వస్తోందని నెల్ చెవిన పడింది. అతను స్టేజీ మధ్యలో ఉన్న నేలతలుపు ఎత్తి కిందికి దిగిపోయాడు. పోలీసులు ఒకసారి కిందికి వచ్చి లాంతరుతో వెతికారు కూడా. డ్రాగన్ నోట్లో తలపెట్టి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, లేదా అలా చూస్తే పరువు పోతుందనుకున్నారు.

పారిపోయినవాడు తప్పు చేసినవాడేనని ఊరు తీర్పు చెప్పేసింది. బయటికి వెళ్తే పోలీసులు, లోపల ఉంటే ఎలకలు. ఆ చీకట్లో కూర్చుని ఆంబ్రోస్ రెండో అంకాన్ని మనసులో ఎన్నిసార్లో తిప్పి చూశాడు. ఎవరి మాట తర్వాత ఎవరి మాటో అంతా గుర్తుంది. పక్కన ఎవరొచ్చారన్నది మాత్రం ఎంత తవ్వినా లేదు. చూడనిది ఎలా గుర్తొస్తుంది?

మ్యాటినీకి హాలు కిక్కిరిసింది. హత్య జరిగిన హాల్లో హత్య నాటకం అనేసరికి ఊళ్లో బామ్మలంతా టోపీలు సర్దుకుని వచ్చేశారు. విరామంలో టీ ట్రేల చప్పుడు, బిస్కెట్లు కొరికే చప్పుడు, వాస్పర్ ఏ గదిలో చచ్చాడో చెప్పుకునే గుసగుసలు. చచ్చినవాడి మీద జాలిపడుతూనే రెండో కప్పు టీ పోయించుకున్నారు. మనుషులు అంతే.

ఆంబ్రోస్ డ్రాగన్‌లోంచి పాకి బయటికి వచ్చి నిచ్చెన దగ్గర కూర్చున్నాడు. పైన అడుగుల్ని బట్టి ఎవరు ఎక్కడున్నారో అతనికి తెలుస్తూనే ఉంది. ఈడ్చుకుంటూ నడిచేది వాస్పర్ ఆడాల్సిన వేషం కట్టిన మూర్. తేలికగా, మడమ ఆనీ ఆననట్టు నడిచేది లియోనోరా. ప్రాంప్టరు పీట దగ్గర మాత్రం ఎవరివో బరువైన బూట్లు. స్కెల్టన్ అక్కడ కూర్చున్నాడని అర్థమైంది. ఉరికి భయపడాల్సిన మనిషికి ఆ క్షణంలో భయం కన్నా ఎక్కువ ఒళ్లుమంట కలిగింది. నా పీట మీద కూర్చుని ఆ మనిషి ఏం చేస్తాడు? ఎవరైనా తడబడితే బేడీలు అందిస్తాడా?

మూడో అంకం మొదలైంది. ఆ వారం నాటకంలో కథ ఇది: ఒక ఇంటి యజమాని పాలల్లో విషం కలిసి చచ్చిపోతాడు. ఇంట్లో అందరి మీదా అనుమానం. చివర్లో పెద్ద ఉరుము ఉరుముతుంది. అంతా ఉలిక్కిపడతారు. ఆ నిశ్శబ్దంలో ఇంటి ఇల్లాలు ముందుకి వచ్చి తానే చంపానని ఒప్పుకుంటుంది. ఆ ఇల్లాలు లియోనోరా.

ఆంబ్రోస్ నిచ్చెన ఎక్కి రెండు చేతులూ మూతకి ఆనించాడు. పైన మాటలు ఒక్కొక్కటే దగ్గరపడుతున్నాయి. మూర్ మాట అయింది. పనిమనిషి మాట అయింది. ఆ చివర స్టేజీ మేనేజరు రెండు చేతులతో రేకు పట్టుకుని ఊపాడు. హాలంతా దద్దరిల్లింది.

ఆంబ్రోస్ బలమంతా పెట్టి నెట్టాడు. మూత కీచుమంది, కీచుమన్నది ఉరుములో కలిసిపోయింది, తెరుచుకుంది. చల్లటి పొగమంచు మొహాన కొట్టింది. తలా భుజాలూ బయటికి వచ్చాయి. సందులో నరపురుగు లేదు. ఎక్కడో రేవులో ఓడ కూత వేసింది. మోచేతులు రాతి గట్టు మీద ఆనించి, ఒక కాలు పైకి లాగాడు.

ఉరుము ఆగింది. లోపల నిశ్శబ్దం.

ఈ నిశ్శబ్దం పుస్తకంలో ఉన్నదే. లియోనోరా ఇక్కడ ఆగాలి, మూడు అడుగులు వెయ్యాలి, చెప్పాలి. అడుగులు వేసింది. చెప్పలేదు. ఆంబ్రోస్ కాలు గట్టు మీద అలాగే ఉండిపోయింది. చెవి మాత్రం లోపలికి పోయింది. నిశ్శబ్దం సాగింది. ఎవరో బామ్మ దగ్గింది. ఇది ఆగడం కాదు. కావాలని ఆగిన మనిషి ఊపిరి లోపలికి పీల్చుకుని ఉంటుంది. ఈ మనిషి ఊపిరి వదిలేసింది.

లియోనోరా బ్రేస్‌కి మాట రావడం లేదు.

స్టేజీ మేనేజరు అవతలి వైపు రేకు పట్టుకుని ఉన్నాడు. పీట మీద పోలీసు ఉన్నాడు. ఆమెకి ఎవరూ లేరు.

"పాలల్లో కలిపింది నేనే."

అన్నాక గానీ ఆంబ్రోస్‌కి తెలియలేదు, అన్నది తనేనని. ఎప్పుడు కిందికి దిగాడో, ఎప్పుడు నోరు తెరిచాడో. ప్రేక్షకులకి వినపడకుండా, నటులకి మాత్రం వినపడేలా, ఇన్నేళ్లూ అందించిన గొంతుతోనే అందించాడు. పైన పీట దగ్గర బూట్లు ఒక్కసారి కదిలాయి.

ఇంకా సమయం ఉంది. నిచ్చెన చేతికి అందేంత దూరంలోనే ఉంది. స్కెల్టన్ స్టేజీ మధ్య నుంచి పరిగెత్తుకు రాలేడు, మెట్లు చుట్టూ తిరిగి రావాలి. పరిగెడితే ఓడ అందుతుంది.

కానీ లియోనోరా మాట అందుకోలేదు. అందిన మాటని అందుకోని నటిని ఆంబ్రోస్ ఎప్పుడూ చూడలేదు. మాట మరిచిపోయినవాళ్లు అందించగానే మునిగిపోయేవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఈమెకి మాట తెలుసు. తెలిసే అనలేకపోతోంది. ఆ తర్వాతి మాట అతని నాలుక మీదికి వచ్చింది: మీ కళ్లముందే కలిపాను, ఎవరూ చూడలేదు, ఈ ఇంట్లో నన్ను చూడటం మానేసి చాలా కాలమైంది.

సోమవారం తన పక్కన నిలబడింది ఎవరో ఆంబ్రోస్‌కి ఇప్పుడు తెలిసింది.

ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. ఆమె ఇంకాసేపు అలాగే నిలబడితే స్కెల్టన్ లాంటివాడికి ఆ మౌనమే చాలు. తనకి ఓడ అక్కర్లేదు, స్వీడన్ అక్కర్లేదు, మెడ మెడగానే ఉంటుంది. జీవితంలో మొదటిసారి, అందించకపోవడం వల్ల అతను బతుకుతాడు.

పైన హాల్లో ఎవరో కుర్చీలోంచి నవ్వారు. చిన్న నవ్వే. పోర్షన్ మరిచిపోయిన నటిని చూసి నవ్వే నవ్వు. లియోనోరాని చూసి అలా ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు.

ఆంబ్రోస్‌కి దుఃఖం ముంచుకొచ్చింది. నిచ్చెన వదిలేసి, వంగి, బొగ్గులోంచి నడిచి, సరిగ్గా ఆమె పాదాల కిందికి వచ్చాడు. నేలతలుపు చెక్కల సందుకి పెదాలు ఆనించి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"పాలల్లో కలిపింది నేనే. చెప్పండి మిస్ బ్రేస్. నేనున్నాను."

పైన ఊపిరి లోపలికి వెళ్లింది. అతనికి వినపడింది.

"పాలల్లో కలిపింది నేనే," అంది లియోనోరా. హాల్లో నవ్వినవాళ్లు నోరు మూసుకున్నారు.

వెనక మెట్ల మీద బూట్లు. లాంతరు వెలుగు ఊగుతూ వచ్చి అతని వీపు మీద పడింది. ఒక కానిస్టేబుల్ భుజం పట్టుకున్నాడు. ఆంబ్రోస్ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తాడు.

"ఒక్క క్షణం బాబూ. ఇంకా రెండు మాటలున్నాయి."

ఆ కానిస్టేబుల్‌కి ఏమనిపించిందో గానీ, ఆగాడు. ఆంబ్రోస్ అందించాడు, లియోనోరా చెప్పింది. చివరి మాట వరకూ అలాగే. తెర పడింది. హాలు చప్పట్లతో మోగిపోయింది. కంతలోంచి పారిపోవడానికి అంతకన్నా మంచి అదును ఉండదు.

అతన్ని బొగ్గు మసితో, చేతులకి బేడీలతో పైకి తీసుకొచ్చి ప్రాంప్టరు పీట దగ్గర నిలబెట్టారు. నెల్ గౌన్ల కుప్ప పట్టుకుని అక్కడే ఉంది. ఆమె అతనికేసి చూసిన చూపులో తిట్లన్నీ ఉన్నాయి.

"ఎదవ సన్నాసి," అంది చివరికి. "మూత తెరిచావు కదా. గాలి తగిలింది. నేను ఇక్కణ్నుంచి నీకోసం ప్రార్థన కూడా చేశాను, నా జన్మలో చెయ్యనిది."

"ఆవిడకి ఎవరూ లేరు నెల్."

స్కెల్టన్ అతన్ని వింతగా చూశాడు. "కంత తెరిచే ఉంది. నువ్వు పారిపోవచ్చు. ఎందుకు మాట్లాడావు?"

ఆంబ్రోస్ బేడీల వంక చూసుకున్నాడు. ఏం చెప్పినా అది లియోనోరా మీదికి పోతుంది. ఇన్‌స్పెక్టరు ముందు మొదటిసారి అబద్ధం ఆడదామని కూడా అనుకున్నాడు, నేనే చంపానని. రాసిచ్చినవాళ్లు లేక మాట కుదరలేదు.

లియోనోరా తెర ముందుకి వెళ్లి మూడుసార్లు వంగి నమస్కరించి వచ్చింది. మొహాన రంగు అలాగే ఉంది. అతని చేతులకున్న బేడీలు చూసింది. పక్కన ఉన్న చిన్న చెక్క చూసింది, గ్లాసు పెట్టే చెక్క.

"నువ్వు వెళ్లిపోయావనుకున్నాను ఆంబ్రోస్," అంది. "ఎక్కడో క్షేమంగా ఉన్నావనుకున్నాను. అందుకే ఊరుకున్నాను." తర్వాత స్కెల్టన్ వైపు తిరిగింది. "ఆయన్ని వదిలెయ్యండి ఇన్‌స్పెక్టరుగారూ. వాస్పర్ గ్లాసులో మందు కలిపింది నేను. ఇదిగో, ఇక్కడ నిలబడి కలిపాను. కలిపాక కూడా కాసేపు నిలబడ్డాను. ఈయన తల ఎత్తి చూస్తాడేమో, చూస్తే గ్లాసు పారబోద్దాం అనుకున్నాను."

ఆంబ్రోస్ ఆ చిన్న చెక్క కేసి చూశాడు. ఆమె అంతసేపు తన పక్కనే నిలబడింది. తను పుస్తకంలో ఆమె మాటలే చూసుకుంటూ కూర్చున్నాడు.

లియోనోరా ఆగింది. స్కెల్టన్ ఎదురు చూశాడు. ఎవరూ కదల్లేదు. నిశ్శబ్దం సాగుతోంటే నెల్ ఉండబట్టలేక ఆంబ్రోస్ డొక్కలో మోచేత్తో పొడిచింది.

"మాట రావట్లేదేమో చూడు," అంది గుసగుసగా.

ఆంబ్రోస్ చెవి పెట్టి విన్నాడు. ఊపిరి లోపలే ఉంది, నిండుగా ఉంది.

"లేదు నెల్. ఆగిందంతే. తనే చెబుతుంది."

అతను చేతిలో పుస్తకం లేకుండా, తల ఎత్తి, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె కూడా అతన్నే చూస్తూ మిగతాది చెప్పడం మొదలుపెట్టింది.